బుడమేరు వెంట నడవని ప్లానర్ ఎందుకు?

విజయవాడలో సిటీ ప్లానింగ్‌లో పీజీ చేసే ప్రతి విద్యార్థీ పట్టా అందుకునేలోపు వెలగలేరు రెగ్యులేటర్ నుంచి కొల్లేరు సరస్సు దాకా బుడమేరు అనే ఏటి వెంట నడిచి తీరాలి. 2008లో కేంద్రం ఇక్కడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ పెట్టింది. 2014 నాటి చట్టంతో దానికి జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ హోదా దక్కింది. అంతటి చదువు ఊళ్లోనే ఉంది, దానికి కావలసిన పాఠమూ ఊళ్లోనే ఉంది. 2024 సెప్టెంబరు వరదల్లో విజయవాడలోని సింగ్‌నగర్‌ను ముంచింది కృష్ణ కాదు, బుడమేరు. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి కృష్ణ పోటెత్తుతుంటే, వెలగలేరు నుంచి బుడమేరు నీటిని కృష్ణలోకి తీసుకెళ్లే మళ్లింపు కాలువ నీరు అందులో కలవలేకపోయింది. గట్లు తెగాయి, ఏరు తన పాత దారిన కాలనీల మీదికొచ్చింది. అక్కడ ఇళ్లు కట్టుకున్నవారిని ఆక్రమణదారులనడం నాకు కోపం తెప్పిస్తుంది. రెక్కాడితేగాని డొక్కాడని మనిషి స్థలం చవగ్గా దొరికిన చోటికే వెళ్తాడు. అది ఎందుకు చవకో చెప్పాల్సింది లేఅవుట్ మీద సంతకం పెట్టే కార్యాలయం. మైలవరం కొండల్లో పుట్టి కొల్లేట్లో కలిసే ఏటికి మున్సిపాలిటీ హద్దులతో పని లేదు. అందుకే నగరంతోపాటు ప్రాంతాన్నీ చదివినవాళ్లు కావాలి. ప్రభుత్వం వాళ్లను డెల్టా పట్టణాల్లో శాశ్వత కొలువుల్లోకి తీసుకోవాలి. విద్యార్థులు గీసే ముంపు పటాలు గ్రంథాలయంలో మూలపడకుండా, తెలుగు వివరణతో ప్రతి వార్డు సచివాలయం గోడకూ ఎక్కాలి, స్థలం కొనేవాడు రిజిస్ట్రేషన్‌కు ముందే చూసుకునేలా.