డైటు కాగితంలో లేని ముక్క

మన ఊళ్ళలో 'ఆపరేషన్ చేయించుకుంది' అంటే ఏ ఆపరేషనని ఎవరూ అడగరు. పిల్లలయ్యాక ఆడది చేయించుకునేది ఇంకేముంటుంది! అందుకే మా పిన్ని ఫోన్ చేసి "చెల్లాయికి ఆపరేషన్ అయిందే, బాగానే ఉంది" అన్నప్పుడు తెల్లబోయాను. ఒక్క పాపే కదా, అప్పుడే ఎందుకు చేయించారని కేకలెయ్యబోయాను. "అది కాదే, పొట్టది. లావు తగ్గడానికి" అంది గొంతు తగ్గించి, పక్కింటివాళ్ళు వింటారేమోనన్నట్టు.

ఇది జరిగి మూడేళ్ళు దాటింది. చెల్లాయికప్పుడు ముప్ఫై ఒకటి. పాప పుట్టాక నూట పన్నెండు కిలోలకు వచ్చింది. పీసీఓడీ, మోకాళ్ళ నొప్పులు, అప్పుడే మొదలైన షుగరు. తిండి మానేసి, నడిచి, ఎవరేం చెబితే అది చేసి చివరికి బైపాస్ చేయించుకుంది. అంటే పొట్టను కోడిగుడ్డంత చిన్న సంచీగా చేసి, చిన్న పేగును తెచ్చి దానికి కలుపుతారు. తిన్నది పేగు మొదటి భాగాన్ని తప్పించుకుని పోతుంది. తినేదీ తగ్గుతుంది, ఒంటికి పట్టేదీ తగ్గుతుంది. ఇంటికి వచ్చేటప్పుడు ఆసుపత్రిలో చక్కటి అచ్చు కాగితం ఇచ్చారు. ఏ వారం ఏం తాగాలి, ఎన్ని చెంచాలు తినాలి, బీ పన్నెండు, ఐరన్, కాల్షియం జీవితాంతం వేసుకోవాలని అన్నీ ఉన్నాయి.

పిల్లలు పుట్టకుండా ఏం చెయ్యాలన్నది మాత్రం లేదు.

అసలు చెప్పలేదా అంటే, చెప్పారు. "ఏడాదిన్నర దాకా జాగ్రత్తగా ఉండండి" అన్నారట. అదీ మా మరిదిగారి వంక చూసి! ఆ 'జాగ్రత్త' అంటే ఏమిటో మన ఆడవాళ్ళలో ఎందరికి ఎవరు విడమరిచి చెప్పారు? లావు తగ్గుతున్న కొద్దీ పీసీఓడీ ఉన్నవాళ్ళకు నెలసరి గాడిన పడుతుంది, అండం విడుదలవుతుంది. ఏళ్ళ తరబడి గర్భం రానివాళ్ళకు కూడా వచ్చే రోజులవి. తల్లికే పోషకాలు సరిగా అందని ఆ సమయంలో బిడ్డకేం అందుతాయి? అందుకే పన్నెండు నుంచి పద్ధెనిమిది నెలల దాకా, కొందరు రెండేళ్ళ దాకా ఆగమంటారు. ఇంత ముఖ్యమైన సంగతి ఒక్క ముక్కలో తేల్చేశారు.

చెల్లాయి పాత అలవాటు కొద్దీ గర్భనిరోధక మాత్రలే వేసుకుంది. ఏడో నెలలో నెల తప్పింది. తొమ్మిదో వారంలో ఆ గర్భం దానంతటదే పోయింది. ఆపరేషన్ వల్లే పోయిందని నేను అనను, అలా పోవడం ఎవరికైనా జరిగేదే. కానీ ఇంట్లో అందరూ అన్నది ఒకటే, "మాత్ర మర్చిపోయి ఉంటావు." నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు అది బీరువాలోంచి ఒక స్టీలు డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. అన్నీ ఖాళీ స్ట్రిప్పులు. సోమవారం, మంగళవారం, వరసగా ఒక్కటీ మిగల్లేదు. "చూడక్కా, ఒక్కరోజు కూడా మర్చిపోలేదు" అంది. దొంగతనం చెయ్యలేదని రుజువులు చూపించుకున్నట్టుంది నాకు. నోట మాట రాలేదు.

నేను డాక్టర్ని కాను. బీయే చదివి, వంటయ్యాక కథలు రాసుకునేదాన్ని. కానీ ఆ డబ్బా చూశాక ఊరుకోలేక తెలిసిన డాక్టరమ్మల్ని అడిగాను, చదివాను. బైపాస్ లాంటి, పేగును తప్పించే ఆపరేషన్ అయినవాళ్ళకు నోటి ద్వారా వేసుకునే గర్భనిరోధక మాత్ర పూర్తిగా ఒంటపట్టకపోవచ్చు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ మార్గదర్శకాల్లో ఇలాంటివాళ్ళకు ఈ మాత్రలు మామూలుగా వద్దన్న కోవలోనే ఉన్నాయి. పొట్టను మాత్రమే సన్నంగా కత్తిరించే స్లీవ్ ఆపరేషన్‌కి ఆ అడ్డు లేదు. అంటే ఈ సంగతి రహస్యమేం కాదు. తెలిసినవాళ్ళకు తెలుసు. తెలియాల్సిన మనిషికే తెలియలేదు.

కథ అక్కడితో అయిపోలేదు. మాత్రలంటే భయం పట్టుకుని, ఇంటి దగ్గరున్న ఒక లేడీ డాక్టరు దగ్గరకు వెళ్ళింది. ఆమె మూడు నెలలకోసారి వేసే ఇంజెక్షన్ రాసింది. మన ప్రభుత్వాసుపత్రుల్లో 'అంతర' పేరుతో ఉచితంగా ఇస్తున్న మందు కూడా అదే, 2017లో మొదలైంది. మంచి మందే, ఎందరికో మేలు చేస్తోంది. కాకపోతే కొందరికి బరువు పెంచుతుందని పేరున్నది కూడా అదే. ఎముకల్లో గట్టిదనం కొంత తగ్గిస్తుంది కూడా. బైపాస్ అయినవాళ్ళకు అసలే కాల్షియం సరిగా పట్టదు, ఇది ఆ పైన తోడు. ఆ డాక్టరుకు ఇవేవీ తెలియక కాదు. చెల్లాయికి పొట్ట ఆపరేషన్ అయిందన్నదే తెలియదు! ఆమె అడగలేదు. ఇది చెప్పలేదు. ఎందుకంటే ఆ డాక్టరు అత్తగారికి తెలిసినావిడ, చెబితే నలుగురికీ పాకుతుందని. కడుపు కోయించుకోవడానికి లేని సిగ్గు, ఆ మాట చెప్పడానికి వచ్చింది. తప్పు డాక్టరుదా, దీనిదా అని నన్నడిగితే, ఇద్దరిదీ అంటాను.

డెబ్భై ఆరు దాకా దిగిన కాటా మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టింది. ఇప్పుడు తొంభై ఒకటి. నెపమంతా ఇంజెక్షన్ మీదే పెట్టడం కూడా న్యాయం కాదు లెండి. ఈ ఆపరేషన్ తర్వాత ఒకటి రెండేళ్ళకు కొంత బరువు తిరిగి రావడం చాలామందికి ఉన్నదే. ఆకలి మళ్ళీ మేలుకుంటుంది. తగ్గిన ఒళ్ళు తక్కువ తిండితోనే సరిపెట్టుకోవడం నేర్చుకుంటుంది. ఒక్కసారిగా తినలేరు గనుక కొంచెం కొంచెంగా రోజంతా ఏదో ఒకటి నములుతుంటారు. దీనికి తోడు కంప్యూటరు ముందు పదిగంటల కూర్చునే ఉద్యోగం. ఇవన్నీ కలిశాయి. కానీ పెళ్ళిళ్ళలో వినబడే మాట ఒకటే, "లక్షలు పోసి చేయిస్తే నాలుక కట్టుకోలేకపోయింది." ఎవరినో ఎందుకు, పోయినేడు తెనాలిలో మా బంధువుల గృహప్రవేశంలో అది రెండో బొబ్బట్టుకు చెయ్యి చాపితే నేనే చురుగ్గా చూశాను. అది చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ చూపు ఇప్పటికీ నన్నే గుచ్చుతుంది.

బరువు సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. మన అమ్మలు, అత్తలు "పిల్లల్లేకుండా ఆపరేషనయ్యాకే ఇలా ఊరాను" అంటుంటారు. ట్యూబులు కట్టేస్తే అండం దారి మూసుకుపోతుందంతే. హార్మోన్లు తయారుచేసే అండాశయాల జోలికి ఎవరూ పోరు. మామూలు గర్భనిరోధక మాత్రలు మనిషిని బాగా లావు చేస్తాయన్నదీ రుజువు కాలేదు. కాపర్ టీ పైకి ఎక్కి గుండెల్లోకి పోతుందని మా పిన్ని గట్టి నమ్మకం. చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది.

నిజానికి చెల్లాయి లాంటివాళ్ళకు గర్భసంచిలో పెట్టే లూపే నయం. అది పొట్టతోనూ, పేగుతోనూ పనిలేనిది. అయితే కాపర్ టీ వల్ల కొందరికి నెలసరిలో రక్తం ఎక్కువగా పోతుంది. బైపాస్ అయినవాళ్ళకు ముందే రక్తహీనత బెడద. అలాంటప్పుడు రక్తం తగ్గించే హార్మోన్ లూప్ ఉంది, ఖరీదెక్కువ. ఇది ఆపరేషన్‌కి ముందే, పొట్ట డాక్టరూ గర్భసంచి డాక్టరూ కూర్చుని ఆ మనిషితో మాట్లాడి తేల్చాల్సిన విషయం. లక్షల బిల్లులో ఆ పావుగంట మాట లేకపోవడమే నాకు మండుతోంది. మత్తు డాక్టరు వస్తాడు, గుండె డాక్టరు చూస్తాడు, తిండి చెప్పే అమ్మాయి వస్తుంది. ముప్ఫై ఏళ్ళ ఆడదానికి లేడీ డాక్టరు ఎందుకు రాదు?

ఇక మగవాళ్ళ మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం మంది కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. మగవాళ్ళ ఆపరేషన్ ఒక్క శాతం కూడా లేదు. అది కుట్లు కూడా అక్కర్లేని చిన్న ఆపరేషన్. సరే, చెల్లాయికి రెండో బిడ్డ ఆశ ఉంది కాబట్టి ఆ మాట వద్దు. నిరోధ్ ఉందిగా? అది 1968 నుంచీ ఈ దేశంలో దొరుకుతున్నదే. "జాగ్రత్తగా ఉండండి" అని డాక్టరు మా మరిది వంక చూసే కదా అన్నాడు! మంచివాడే. ఆపరేషన్ రోజున ఆసుపత్రిలో నిద్రపోకుండా కూర్చున్నాడు. కానీ ఆ జాగ్రత్త తన పని అని అతనికి తట్టనే లేదు. మొన్నీమధ్య నేనే మొహమాటం వదిలి అడిగితే, "మాత్రలు వేసుకుంటోంది కదా వదినా" అన్నాడు.

పోయిన నెల చెల్లాయి రెండు ఫైళ్ళూ చంకన పెట్టుకుని వేరే డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళింది. అన్నీ దాచకుండా చెప్పింది. ఇంజెక్షన్ మానిపించి, ఎముకల పరీక్ష రాసి, హార్మోన్ లూప్ వేశారు. బరువు సంగతి మెల్లగా చూద్దామన్నారట. ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి వెళ్ళి, ఆ అచ్చు కాగితం అడుగున పిల్లల సంగతి ఒక్క ముక్క చేర్చండని కూడా అడిగింది. "చూస్తాం" అన్నారట. దాని వచ్చే చెకప్ ఆగస్టులో. ఈసారి దానితో నేనూ వెళ్తున్నాను, ఆ స్టీలు డబ్బా కూడా తీసుకుని.