కుండకు గిరాకీ.. కుమ్మరికి మట్టి కరవు

పలమనేరు: చిత్తూరు నుంచి బెంగళూరు వెళ్లే దారిలో పలమనేరు పేరు చెబితే మట్టి కుండలు, బొమ్మలే గుర్తుకొస్తాయి. స్టీలు, అల్యూమినియం పాత్రలు వచ్చి కుండను వంటింటి నుంచి పెరట్లోకి నెట్టాయి. ఫ్రిజ్ వచ్చి కూజాను అటకెక్కించింది. ఇప్పుడు అదే కుండ నగరవాసుల ముందు గదిలో అలంకారమైంది. హోటళ్లలో కుండ బిర్యానీకి, ముంత పెరుగుకు గిరాకీ పెరిగింది. ఈ మోజులో కుమ్మరి ఇంటికి చేరుతున్నదెంత అన్నదే అసలు ప్రశ్న.

చేతి పనిలోనే అందం

సారెపై చేత్తో తీర్చిన కుండలు ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. అంచున వేలి జాడ, పక్కన ఆవం సెగ తగిలిన మచ్చ కనిపిస్తాయి. కొనేవారు వెతుకుతున్నదీ వాటినే. ఆవంలో గాలి ధారాళంగా ఆడితే మట్టిలోని ఇనుము ఎర్రబడుతుంది. గాలి అందక పొగ కమ్మితే కుండ నల్లబడుతుంది. ఈ కిటుకు దక్షిణాది కుమ్మరులకు రెండు వేల ఏళ్లకు ముందే తెలుసు. బృహత్ శిలాయుగపు సమాధుల్లో దొరికిన, లోపల నలుపు, వెలుపల ఎరుపు తేలిన పాత్రలే అందుకు సాక్ష్యం.

కుండలో నీరు చల్లబడటం వెనుక మాయ ఏమీ లేదు. సన్నని రంధ్రాల గుండా పైకి ఊరిన తడి ఆవిరవుతూ లోపలి వేడిని లాగేస్తుంది. అందుకే రాయలసీమ పొడి ఎండల్లో చల్లబడినంతగా కోస్తా ఉక్కపోతలో చల్లబడదు. నీటిలోని ఉప్పు రంధ్రాలను పూడ్చేస్తే పాత కుండ చలవ తగ్గిపోతుంది. మెరుపు కోసం రంగు పూసిన కుండలదీ ఇదే తీరు. చూపుకు బాగుంటాయి గానీ నీటికి పనికిరావు.

పాత జాడీలకూ ఇటీవల విలువ పెరిగింది. పైభాగం గోధుమ రంగు, కింద తెలుపు ఉన్న ఊరగాయ జాడీలను ఒకప్పుడు పాత సామాన్ల వారికి వేసేవారు. నేడు వాటినే వెతికి కొంటున్నారు. అయితే ఎప్పటిదో, ఎక్కడిదో తెలియని రంగుల పింగాణీని షోకేసుకే పరిమితం చేయడం మేలు. కొన్ని పాత పూతల్లో సీసం ఉంటుంది. పులుపు తగిలితే అది ఆహారంలోకి దిగుతుంది.

చెరువు మట్టే ఆధారం

గిరాకీ పెరిగినా ముడిసరుకు మాత్రం కుమ్మరి చేతిలో లేదు. చెరువు బంకమట్టికి ఇటుక బట్టీల నుంచి పోటీ వచ్చింది. వారికి యంత్రాలు, ట్రాక్టర్లు ఉన్నాయి. కుమ్మరికి ఉన్నది పార, ఎడ్లబండి. కుండలు, ప్రమిదలు, బొమ్మల కోసం కుమ్మరులు తమ ఆచారం ప్రకారం చేత్తో తవ్వుకునే మామూలు మట్టికి ముందస్తు పర్యావరణ అనుమతి అక్కర్లేదని కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2016 జనవరి 15న నోటిఫికేషన్ ఇచ్చింది. ఈ మినహాయింపు ఒకటుందన్న సంగతి ఎన్ని గ్రామాలకు చేరిందన్నది అనుమానమే. పైగా ఇది పర్యావరణ అనుమతికి సంబంధించినదే తప్ప, చెరువుపై కుమ్మరికి హక్కు ఇచ్చేది కాదు.

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కుమ్మరం కూడా ఉంది. పనిముట్లకు రూ.15 వేల వరకు సాయం, 5 శాతం వడ్డీకి తొలి విడత రూ.లక్ష, మలి విడత రూ.2 లక్షల వరకు రుణం ఇస్తారు. కరెంటు సారె వస్తే చేతుల నొప్పి తగ్గుతుంది, కుండల సంఖ్య పెరుగుతుంది. కానీ సారె ఎంత వేగంగా తిరిగితే మట్టి అంత ఎక్కువ కావాలి. మట్టి మాట మాత్రం పథకంలో లేదు.

చెరువు ఎండిన రెండు మూడు నెలల్లో తవ్వి నిల్వ చేసుకున్న మట్టితోనే కుమ్మరి ఏడాది గడవాలి. వినాయక విగ్రహాలు, దీపావళి ప్రమిదలు, పెళ్లిళ్ల అరివేణి కుండలు అన్నీ ఆ కుప్ప నుంచే రావాలి. దరఖాస్తు బల్లల మీద తిరిగేలోగా తొలకరి పడి చెరువులో నీరు చేరితే ఆ ఏడాది మట్టి కొనుక్కోవాల్సిందే. ఆ ఖర్చు దారి పక్కన అమ్మే కుండ ధరలోకి ఎక్కదు, అక్కడ బేరమాడే వారే ఎక్కువ. అదే కుండకు నగరంలోని దుకాణంలో అడిగినంత చెల్లిస్తున్నారు.