కరెంటు పెడితే కచేరీ కాదా?

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొమ్మిదేళ్ల పాలకొల్లు కుర్రాడు మాండలిన్‌తో వేదికెక్కాడు. పేరు ఉప్పలపు శ్రీనివాస్. ఆ తర్వాత అతను ఎలక్ట్రిక్ మాండలిన్‌తో మద్రాసు సభలకు వెళ్లేసరికి పెద్దలు కొందరు ముఖం చిట్లించారు. అది పాశ్చాత్య వాద్యం, పైగా కరెంటుది, దానిమీద గమకం ఎక్కడ పలుకుతుందన్నది వాళ్ల అభ్యంతరం.

నిజానికి గమకం కోసమే అతను వాద్యాన్ని మార్చుకున్నాడు. మామూలు మాండలిన్‌కు ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలు. మీటగానే ఠంగున మోగి, అంతే త్వరగా ఆరిపోతుంది. తోడిలో గాంధారం ఊగాలంటే నాదం కాసేపు నిలవాలి కదా! శ్రీనివాస్ జంట తీగల బదులు ఒంటి తీగలు పెట్టుకున్నాడు, స్థాయి చాలడానికి ఐదో తీగ చేర్చాడు, నాదం నిలవడానికి కరెంటును వాడుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, శిష్యుడు దాన్ని తీగల మీద పలికించేవాడు. ఇంతకంటే సంప్రదాయమైన శిక్షణ ఏముంటుంది? వైరు చూసి తీర్పు చెప్పినవాళ్లు పప్పులో కాలేశారు.

కొత్త ధ్వని వచ్చినప్పుడల్లా ఇదే తంతు. హెవీ మెటల్ బ్యాండ్ మెటాలికా 1991లో బ్లాక్ ఆల్బమ్‌గా పేరుపడిన రికార్డు తెచ్చింది. నిర్మాత బాబ్ రాక్. పాటలు కురచయ్యాయి, వేగం తగ్గింది. పాత అభిమానుల్లో చాలామంది అమ్ముడుపోయారని మండిపడ్డారు. వాళ్లు నెత్తిన పెట్టుకున్న 1988 ఆల్బమ్‌లో బేస్ గిటార్ దాదాపు వినిపించదు. కొత్తదాంట్లో అదే గుండెల మీద మోగుతుంది. దాని గురించి మాట్లాడినవాళ్లకంటే ద్రోహం గురించి మాట్లాడినవాళ్లే ఎక్కువ. అమెరికాలోనే కోటీ 60 లక్షలకు పైగా అమ్ముడైంది కాబట్టి గొప్పదనే వాదనా అంతే బలహీనం. అమ్మకాలు వినికిడికి బదులు కావు.

మనవైపు మంగళంపల్లి బాలమురళీకృష్ణ నాలుగు స్వరాలతో మహతి రాగం కట్టినప్పుడూ అసలు అది రాగమేనా అన్న రచ్చే జరిగింది. విజయవాడ సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన మనిషికే అది తప్పలేదు. ఆ నాలుగు స్వరాల్లో ఆయన ఎంతసేపు, ఎన్ని రకాలుగా తిరిగారన్న చర్చ వెనకబడింది.

అయితే తిట్టడంలో ఉన్న బద్ధకం పొగడ్తలోనూ ఉంటుంది. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో జేజేలు అందుకున్నాక, 1998లో పద్మశ్రీ వచ్చాక శ్రీనివాస్ ఏం వాయించినా అద్భుతమే అనడం మనకు అలవాటైంది. ఆయన 2014లో 45 ఏళ్లకే కన్నుమూశాక విమర్శించడానికి మొహమాటం కూడా తోడైంది.

పీటర్ గాబ్రియెల్ స్థాపించిన రియల్ వరల్డ్ సంస్థ ఆయనవి రెండు రికార్డులు దాదాపు వెంటవెంటనే తెచ్చింది. 'రామ శ్రీరామ' కచేరీ పద్ధతిలో సాగుతుంది. 1995 నాటి 'డ్రీమ్' కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో కలిసి చేసిన ప్రయోగం. గిటార్ పొగమంచులా పరుచుకుంటుంటే మధ్యలో మాండలిన్ మెరుస్తుంది. హాయిగా ఉంటుంది, సందేహం లేదు. కానీ గుడివాడ నుంచి ఆయన వెంట వచ్చిన పదును, మృదంగంతో ఢీ అంటే ఢీ అనే ఆ లయ పట్టు ఇందులో సడలాయి. మాండలిన్‌లో కరెంటు గమకాన్ని నిలబెట్టింది. 'డ్రీమ్'లో స్టూడియో హంగు గమకం మీద దుప్పటి కప్పింది. ఫ్యూజన్ అయినందుకు దానికి మార్కులు తగ్గించనక్కర్లేదు. ఇందుకు మాత్రం తగ్గించాల్సిందే.