చేపకు మొప్ప చూస్తాం... ఇంటికో?

'ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు' అన్నారు పెద్దలు. కొని చూడమని మాత్రం అనలేదు. కట్టిన ఇల్లు కొనడంలో ఏముంది, డబ్బిచ్చి తాళాలు పుచ్చుకోవడమేగా అనుకున్నారేమో! నేనూ అలాగే అనుకున్నాను.

ముదినేపల్లిలో మేం ఇల్లు కొన్నప్పుడు చూడాల్సినవన్నీ చూశామనే అనుకున్నాం. లాయరుగారు లింకు డాక్యుమెంట్లు, ఈసీ చూశారు. వాస్తు చూసే పంతులుగారు రెండుసార్లు వచ్చి పొయ్యిగట్టు మార్చమన్నారు. తాంబూలంలో పెట్టి ఇచ్చాం. మరి గోడలు, పునాది, శ్లాబు చూసిందెవరంటారా? ఇల్లు చూపించిన బ్రోకరు వెంటబెట్టుకొచ్చిన మేస్త్రీ! గోడ మీద రెండు దెబ్బలు కొట్టి, "ఇనుములా ఉందమ్మా, మీ మనవల కాలం దాకా చూసుకోనక్కర్లేదు" అన్నాడు. అతనికి మేం పైసా ఇవ్వలేదు. ఎవరిచ్చారో అప్పట్లో మాకు తట్టలేదు.

సంక్రాంతి వెళ్ళాక గృహప్రవేశం చేశాం. ఎండలు ముదిరేసరికి కిటికీ మూలల నుంచి గోడలు ఏటవాలుగా బీటలిచ్చాయి. వానలొచ్చేసరికి పడకగది తలుపు బిగుసుకుపోయి మూతపడలేదు. బీరువా జరిపి చూస్తే వెనక గోడంతా చెమ్మ, ఉప్పులా రాలే పిండి. కొత్త రంగు వేసింది ఇంటికి అందం కోసం కాదు, ఇవి మా కంట పడకూడదని! బాగుచేయించడానికి నా నాలుగు గాజులూ వెళ్ళిపోయాయి.

మా వైపు నల్లమట్టి నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. పునాది అందుకు తగ్గట్టు లేకపోతే నేలతోపాటు ఇల్లూ కదులుతుంది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవాళ్ళు ఇలాంటి నేలల కోసమే అడుగున వెడల్పుగా ఉండే పైల్ పునాదులు రూపొందించారు. ఇక పక్కనే చేపల చెరువుంటే చెమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇవన్నీ తెలిసిన మనిషి గంటసేపు ఇల్లంతా తిరిగితే చాలావరకు పసిగట్టగలడు.

మోసపోతే చట్టం ఉందిగా అంటారేమో. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, తనకు తెలిసిన ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడు చెప్పి తీరాలి. కానీ ఓ మెలిక ఉంది. అది మామూలు జాగ్రత్తతో కొనేవాళ్ళు కనిపెట్టలేని లోపమై ఉండాలి. అంటే చూస్తే కనబడేదాన్ని చూసుకోకపోతే ఆ తప్పు మనదే! 2016లో వచ్చిన రెరా చట్టం, ఇల్లు అప్పగించిన 5 ఏళ్ళలోపు బయటపడ్డ నిర్మాణ లోపాన్ని బిల్డరే సొంత ఖర్చుతో సరిచేయాలంటుంది. అది బిల్డర్లు కట్టి అమ్మే ప్రాజెక్టుల మాట. ఒకరి దగ్గర కొనుక్కునే పాత ఇంటికి అది అక్కరకు రాదు. బ్యాంకు నుంచి ఇంటి విలువ కట్టేందుకు వచ్చేవారున్నా, వారు చూసేది బ్యాంకు అప్పుకు ఆ ఇల్లు సరిపోతుందా అని. మన తలుపు పడుతుందా లేదా అని కాదు.

డల్లాస్‌లో ఉండే మా అక్క కూతురు ఈ మాట విని ఆశ్చర్యపోయింది. అక్కడా ఇలాంటి నల్లమట్టేనట. అయితే టెక్సాస్‌లో ఇళ్ళు తనిఖీ చేసేవాళ్ళకు అక్కడి రియల్ ఎస్టేట్ కమిషన్ లైసెన్సు ఉండాలి. కొనేవాళ్ళే డబ్బిచ్చి పిలుచుకుంటారు. అతను అన్నీ చూసి కాగితం మీద రాసిస్తాడు. నచ్చకపోతే ఒప్పందంలో రాసుకున్న గడువులోగా బేరం వదులుకోవచ్చు. మన ఊళ్ళలో అలాంటి ప్రత్యేక వృత్తి లేదు. ఉన్నవాళ్ళలోనే ఇంజనీరునో, అనుభవమున్న మేస్త్రీనో మనమే ఎంచుకోవాలి.

ఎంచుకోవడం ఎలా అంటే, మొదట అతన్ని ఎవరు తెచ్చారో చూడండి. అమ్మేవాళ్ళు, బ్రోకరు తెచ్చిన మనిషి వద్దు. వీలైతే గుడివాడ నుంచో, ఏలూరు నుంచో పిలిపించండి. ఫీజు ముందే మాట్లాడుకుని మన చేత్తో ఇవ్వాలి. రిపేర్లు తనకే ఇమ్మనే మనిషైతే మరొకర్ని చూసుకోండి. ఈ నల్లమట్టిలో పదేళ్ళ క్రితం కట్టిన ఇల్లు ఒకటి చూపించమనండి. ఆ ఇంటి ఇల్లాలిని అడిగితే ఉన్నదున్నట్టు చెబుతుంది! చూడ్డానికి వచ్చినప్పుడు మీరూ వెంట తిరగండి. బీరువాలు జరిపించండి, మేడ ఎక్కించండి, కుళాయిలన్నీ విప్పించండి. చూసినవి రాసి సంతకం పెట్టమనండి. ఇదంతా బయానా ఇవ్వకముందే జరగాలి.

ఇరుగుపొరుగు ఆడవాళ్ళనీ పలకరించండి. వానలకు నీళ్ళు ఏ మెట్టు దాకా వచ్చాయో వాళ్ళకే తెలుసు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ఎలా ముంచిందో చూశాం. ఆ బుడమేరు వచ్చి కలిసేది మన కొల్లేట్లోనే.

అసలు అడ్డొచ్చేది డబ్బు కాదు, మొహమాటం. 'తెలిసినవాళ్ళ ఇల్లు, మనిషిని తెచ్చి చూపిస్తే ఏమనుకుంటారో' అన్నారు మావారు. నేనూ ఊరుకున్నాను. పోయినేడు మా చెల్లి అలా ఊరుకోలేదు. తను చూసిన ఇంటికి ఏలూరు నుంచి ఇంజనీరును పిలిపించింది. శ్లాబులో ఊచలు తుప్పు పట్టి పెచ్చులూడుతున్నాయని ఆయన రాసిచ్చారు. బేరం వదులుకుంది. అమ్మేవాళ్ళు నాలుగు రోజులు మాట్లాడలేదు, అంతే!

సంతలో చేప కొనేటప్పుడు మొప్ప ఎత్తి ఎర్రగా ఉందో లేదో చూడనిదే మనం డబ్బులు తీయం. చేపలమ్మాయి ఏమనుకుంటుందోనని ఒక్కరోజైనా మానేశామా? జన్మంతా కూడబెట్టింది పోసి కొనే ఇంటికి ఆ పాటి చూపు చూడ్డానికి మొహమాటమెందుకు చెప్పండి!