కాపలా కన్నా కబురు ముఖ్యం

యూనివర్సిటీలో సీటు వచ్చిందంటే మన ఇళ్లలో అమ్మానాన్నలకు కొండంత ధైర్యం. పిల్లలు మంచి చోటికి చేరారు, ఇక ఏ భయమూ లేదు అనుకుంటారు. మా కుటుంబాల్లో డిగ్రీ పట్టా అందుకుని పీజీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. క్యాంపస్‌లో ఆపద వస్తే ఎవరికి చెప్పాలి, ఎటు పరుగెత్తాలి అని ముందుగా చెప్పే పెద్దలు మాకు ఇంట్లో లేరు. హాస్టల్ మిత్రుల్లో చాలామందిది ఇదే పరిస్థితి.

ఇప్పుడు మన సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో చదువుకున్న అన్నలు, అక్కలు కొందరు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి వంటి పథకాల సాయంతో అమెరికా దాకా వెళుతున్నారు. ఇది మనందరికీ గర్వకారణం. కానీ అక్కడ ఏదో ఒక యూనివర్సిటీలో కాల్పులు జరిగాయని టీవీలో వచ్చినప్పుడల్లా, ఇక్కడ ఏదో ఒక ఊళ్లో ఒక తల్లి తిండి మానేసి ఫోను ముందు కూర్చుంటోంది. ఆ భయాన్ని భయంగానే వదిలేయకుండా, ఆ సంఘటనల నుంచి మనం ఏం నేర్చుకోవాలో ఆలోచించడమే ఈ వ్యాసం ఉద్దేశం. గేటు దగ్గర కాపలా ఎంత ఉన్నా, లోపల ఉన్న విద్యార్థికి సకాలంలో కబురు అందకపోతే ఆ క్యాంపస్ క్షేమంగా ఉన్నట్టు కాదు. ఇదీ మా అభిప్రాయం.

2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్ యూనివర్సిటీలో ఏం జరిగిందో చూడండి. ఉదయం 7 గంటల 15 నిమిషాల ప్రాంతంలో ఒక హాస్టల్ భవనంలో ఇద్దరు విద్యార్థులను ఎవరో కాల్చి చంపారు. పోలీసులు త్వరగానే వచ్చారు. కానీ అది వ్యక్తిగత గొడవ అనీ, కాల్చినవాడు క్యాంపస్ వదిలి వెళ్లిపోయి ఉంటాడనీ అనుకున్నారు. పై అధికారులు సమావేశమై ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి అని చర్చించారు. విద్యార్థులకు మొదటి ఈమెయిల్ వెళ్లేసరికి 9 గంటల 26 నిమిషాలైంది. అందులో కూడా కాల్పుల సంఘటన జరిగింది, జాగ్రత్తగా ఉండండి అన్నారే తప్ప ఇద్దరు చనిపోయారనీ, హంతకుడు దొరకలేదనీ లేదు.

అప్పటికే చాలామంది తరగతుల్లో కూర్చున్నారు. మరో పావుగంటకు అదే హంతకుడు నారిస్ హాల్ అనే భవనంలోకి వెళ్లి, ప్రధాన ద్వారాలకు లోపలి నుంచి గొలుసులు బిగించి, తరగతి గదుల్లో కాల్పులు మొదలుపెట్టాడు. పది నిమిషాలకు అటూ ఇటూగా అక్కడ 30 మంది చనిపోయారు. ఉదయం పోయినవారితో కలిపి మొత్తం 32 మంది. తమిళనాడు నుంచి వెళ్లి అక్కడ పాఠాలు చెబుతున్న ప్రొఫెసర్ జి.వి.లోగనాథన్ వారిలో ఒకరు. కాల్చినవాడు ఆ యూనివర్సిటీ విద్యార్థే. చివరికి తనను తానే కాల్చుకున్నాడు.

మొదటి కాల్పులకూ మొదటి ఈమెయిల్‌కూ మధ్య రెండు గంటలకు పైగా వ్యవధి! ముందే చెప్పి ఉంటే అందరూ బతికేవారని ఎవరూ ప్రమాణం చేయలేరు. కానీ తరగతికి వెళ్లాలా, గదిలోనే ఉండాలా అని నిర్ణయించుకునే అవకాశం ఆ విద్యార్థులకు దొరికి ఉండేది. హెచ్చరిక ఇంకా ముందే ఇవ్వాల్సిందని ఆ రాష్ట్ర గవర్నరు నియమించిన పరిశీలన సంఘం కూడా చెప్పింది.

రెండో విషయం తలుపు. నారిస్ హాల్‌లో 205వ గదిలోని విద్యార్థులు ఒక టేబుల్‌ను తలుపుకు అడ్డం నెట్టి గట్టిగా పట్టుకున్నారు. హంతకుడు తలుపు మీద కాల్చినా లోపలికి రాలేకపోయాడు. ఆ గదిలో ఒక్కరూ చనిపోలేదు. పక్కన 204వ గదిలో ప్రొఫెసర్ లివియూ లిబ్రెస్కు తలుపుకు తానే అడ్డంగా నిలబడి, విద్యార్థులను కిటికీలోంచి దూకమన్నారు. చిన్నతనంలో నాజీల కాలం నుంచి బతికి బయటపడ్డ ఆయన, 76 ఏళ్ల వయసులో ఆ తలుపు దగ్గర ప్రాణం విడిచారు. లోపలి నుంచి వేసుకునే ఒక గట్టి గడియ చేయాల్సిన పని ఒక ముసలి గురువు శరీరం చేసింది. తొమ్మిదేళ్ల తర్వాత, 2016 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో కాల్పులు జరిగినప్పుడు కూడా కొన్ని గదుల తలుపులకు లోపల గడియ లేదు. విద్యార్థులు బెల్టులతో, వైర్లతో తలుపులు కట్టుకుని కూర్చున్నారు.

మూడో విషయం వినే చెవి. వర్జీనియా టెక్ హంతకుడు ఒక్క రోజులో అలా తయారు కాలేదు. అతని రాతలు, ప్రవర్తన చూసి పాఠాలు చెప్పేవారు భయపడ్డారు, పైవారికి చెప్పారు. 2005 డిసెంబరులో మానసిక చికిత్స తీసుకోవాలని న్యాయాధికారి ఆదేశం కూడా వచ్చింది. కానీ అధ్యాపకులకు తెలిసింది పోలీసులకు పూర్తిగా తెలియదు, పోలీసులకు తెలిసింది కౌన్సెలింగ్ వాళ్లకు తెలియదు. విద్యార్థుల వివరాల గోప్యత చట్టం ఒప్పుకోదేమో అని ఎవరికి వారు ఊరుకున్నారు. తలా ఒక ముక్క తెలుసు, ముక్కలన్నీ ఒకచోట పెట్టి చూసినవారు లేరు. అందుకే 2008లో వర్జీనియా రాష్ట్రం, ప్రభుత్వ యూనివర్సిటీలన్నిటిలో ఇలాంటి సమాచారాన్ని ఒకచోట చేర్చి పరిశీలించే బృందాలు ఉండాలని చట్టం చేసింది. ఆ బృందం పని శిక్షించడం ఒక్కటే కాదు. దారి తప్పుతున్న విద్యార్థికి ముందుగానే సాయం అందించడం కూడా.

ఇక్కడ ఒక తల్లిదండ్రుల పోరాటం చెప్పుకోవాలి. 1986లో పెన్సిల్వేనియాలోని లీహై యూనివర్సిటీలో జీన్ క్లెరీ అనే 19 ఏళ్ల విద్యార్థిని తన హాస్టల్ గదిలోనే హత్యకు గురైంది. ఆ క్యాంపస్‌లో అంతకుముందు జరిగిన నేరాల గురించి తమకు ఎవరూ చెప్పలేదని ఆమె తల్లిదండ్రులు నిలదీశారు. వారి పోరాటంతో 1990లో వచ్చిన చట్టానికి తర్వాత ఆమె పేరే పెట్టారు. క్యాంపస్‌లో జరిగే నేరాల లెక్కలు ఏటా బయటపెట్టాలి, ముప్పు ఉంటే హెచ్చరించాలి అన్నది ఆ చట్టం. వర్జీనియా టెక్ తర్వాత 2008లో దాన్ని ఇంకా గట్టిచేశారు. ప్రమాదం ఖాయమని తెలిసిన వెంటనే చెప్పాలి, ఆ ఏర్పాటును ఏడాదికి ఒకసారైనా పరీక్షించి చూడాలి అన్నారు. హెచ్చరిక ఆలస్యం చేసినందుకు 2011లో ఆ దేశ విద్యాశాఖ వర్జీనియా టెక్‌కు 55,000 డాలర్ల జరిమానా వేసింది. అప్పీళ్ల తర్వాత అది తగ్గింది. పోయిన ప్రాణాల ముందు ఆ డబ్బు ఏపాటిది? కానీ చెప్పకపోవడం కూడా నేరమేనని దానితో తేలింది.

తుపాకీకి తుపాకీయే మందు అని వాదించేవారు అక్కడ తక్కువేమీ కాదు. టెక్సాస్‌లో 2016 ఆగస్టు నుంచి లైసెన్సు ఉన్నవారు ప్రభుత్వ యూనివర్సిటీల్లోకి తుపాకీ దాచుకుని తీసుకురావచ్చు. అదే టెక్సాస్‌లో 2022 మే 24న ఉవాల్డీ పట్టణంలోని ప్రాథమిక పాఠశాలలో ఏం జరిగింది? అక్కడికి 376 మంది పోలీసులు, ఇతర సాయుధ సిబ్బంది చేరారు. అయినా హంతకుడు ఉన్న గదిలోకి వెళ్లడానికి 77 నిమిషాలు పట్టింది. 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. అక్కడ తుపాకులకు కొదవ లేదు. ఎవరు ఆజ్ఞ ఇవ్వాలి, ఎవరు ఏం చేయాలి అన్న స్పష్టత లేదు. తుపాకులు అంత సులువుగా దొరకడమే అసలు జబ్బు అని మేమూ ఒప్పుకుంటాం. కానీ దాన్ని నయం చేయాల్సింది ఆ దేశ ప్రజలు. ఈలోగా అక్కడ చదువుకునే మన పిల్లలు బతకాలి కదా!

మనవారికి ఇది దూరపు సంగతి కాదు. 2007 డిసెంబరులో లూసియానా స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్ నివాసంలోనే ఇద్దరు తెలుగు పరిశోధక విద్యార్థులను కాల్చి చంపారు. ఆ తర్వాత కూడా 2018లో కాన్సాస్ సిటీలో, 2024లో షికాగో ప్రాంతంలో తెలుగు విద్యార్థులు దుండగుల తూటాలకు బలయ్యారు. వారు క్యాంపస్‌లో కాదు, బయట పని చేసే చోట చనిపోయారు. కాబట్టి అక్కడికి వెళ్లేవారికి మా విన్నపం. చేరిన మొదటి వారంలోనే యూనివర్సిటీ హెచ్చరిక సందేశాలు మీ ఫోనుకు వచ్చేలా నమోదు చేసుకోండి. 911తో పాటు క్యాంపస్ పోలీసుల నంబరు దగ్గర పెట్టుకోండి. తరగతి గదిలో కూర్చోగానే బయటికి వెళ్లే దారులు ఎన్ని ఉన్నాయో చూసుకోండి. అక్కడ నేర్పే సూత్రం మూడు మాటలే: వీలైతే పరుగెత్తు, కాకపోతే దాక్కో, వేరే దారే లేకపోతే ఎదిరించు. దాక్కున్నప్పుడు ఫోను శబ్దం ఆపేయాలి. రాత్రిపూట ఒంటరిగా దుకాణంలో పని ఒప్పుకునే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మన హాస్టళ్లలో తుపాకుల భయం లేదు. కానీ మంటలు, కరెంటు షాకు, కలుషితాహారం, పాము కాటు ఉన్నాయి. 2004 జూలై 16న కుంభకోణం పాఠశాలలో మంటలకు 94 మంది పిల్లలు ఆహుతైన సంగతి మరవకూడదు. పిల్లల క్షేమం కోసమేనంటూ రాత్రిపూట గేటుకు తాళం వేస్తాం, కిటికీలకు ఇనుప చువ్వలు పెడతాం. ఆ తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉండి, ఆ ఒక్కరూ లేని రాత్రి మంటలు లేస్తే? బయటివాడిని ఆపే తాళమే లోపలివాళ్లకు ఉచ్చు అవుతుంది.

కాబట్టి అడుగుదాం. రెండో తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? గోడకు వేలాడే మంటలార్పే సిలిండర్ పనిచేస్తుందా, దాన్ని వాడటం ఎంతమందికి వచ్చు? గంట ఆగకుండా మోగితే అందరూ ఎక్కడ చేరాలి? 108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న మొదలైంది మన ఉమ్మడి రాష్ట్రంలోనే. ఆ నంబరుకు ఫోను చేస్తే హాస్టల్ గుర్తులు చెప్పగలిగినవారు ప్రతి గదిలోనూ ఉన్నారా? ఏడాదికి రెండుసార్లు అరగంట కేటాయించి అందరం ఒకసారి చేసి చూసుకుంటే చాలు. పెద్ద నిధులు అక్కర్లేదు. గదికి ఒకరిని బాధ్యుడిగా ఎన్నుకుని, దిగులుగా ఉన్న తోటివారి గురించి వార్డెన్ సార్‌కో, మేడమ్‌కో చెప్పే పనీ వారికే అప్పగించవచ్చు.

అడిగితే ఏమంటారో అన్న జంకు మొదటి తరం చదువరులమైన మనకు కొంచెం ఎక్కువే. ఉపకార వేతనం ఎందుకు రాలేదని అడగడానికే నలుగురం కూడబలుక్కుని వెళతాం. ఇక తాళంచెవి గురించి ఏం అడుగుతాం? కానీ క్లెరీ తల్లిదండ్రులు అడిగారు కాబట్టే అక్కడ చట్టం వచ్చింది. అడగడం ధిక్కారం కాదు, మన హక్కు. ఈ వార్షికోత్సవానికి వచ్చే పూర్వ విద్యార్థులు, అధికారులు వేదిక మీద ఉన్నప్పుడే ఈ ప్రశ్నలు వారి ముందు పెడదాం. జవాబులు రాసుకుని, వచ్చే ఏడాది సంచికలో ఎన్ని అమలయ్యాయో లెక్క చూద్దాం.