ఇంటి క్రింది మూగజీవులు

2025వ సంవత్సరమున వీథికుక్కల విషయమై సుప్రీముకోర్టు ముమ్మారు ఉత్తరువులిచ్చెను. ఆగష్టు 11వ తేదీన ఢిల్లీ పరిసరములయందలి కుక్కల నన్నింటిని పట్టి శాలలలో నుంచవలయునని ఇద్దరు న్యాయమూర్తులు శాసించిరి. 22వ తేదీన ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము దానిని సవరించెను. వెఱ్ఱి సోకినవియు, మీదబడి కఱచు స్వభావము గలవియు తప్ప, తక్కిన కుక్కలకు సంతానము గలుగకుండ శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టినచోటనే విడువవలయునని చెప్పి, విచారణను దేశమంతటికి విస్తరింపజేసెను. నవంబరు 7వ తేదీన పాఠశాలలు, ఆసుపత్రులు, బస్సుస్టాండులు, రైల్వేస్టేషనులు మున్నగు తావులనుండి తొలగించిన కుక్కలను మరల అచ్చట విడువరాదని ఆజ్ఞాపించెను. వీథికి, బడికి, ఆసుపత్రికి ఈ విధముగా విధులేర్పడినవి. కాని తన అరుగుక్రింద దూరి ఈనిన కుక్కను ఏమి చేయవలయునో గృహస్థునకు తెలియజెప్పినవారు లేరు. నెల్లూరుజిల్లా పడమటిభాగమునందు ఈ సమస్య తఱచుగా మొదలగునది అచ్చటనే.

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములు వెలిగొండల ప్రక్కనున్న మెట్టసీమలు. జిల్లాకు అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు ఈశాన్య ఋతుపవనము వర్షమును దెచ్చును. తుపానులును తఱచు అప్పుడే వచ్చును. కుక్కలు జతకూడు కాలమును కార్తికమాసముతో ముడిపెట్టుట మనవారి వాడుక. చూలు సుమారు 63 దినములు నిలుచును గనుక, అవి పుష్యమాఘముల చలిలో ఈనును. వానకు తడిసిన ప్రాణికి, నిండుచూలాలికి, మెట్లక్రింది సందు, అరుగుక్రింది బొరియ, స్తంభములపై లేపిన మేడ అడుగున చీకటిమూల పురిటిల్లగుచున్నవి. పిల్లులకును ఇదే ఆశ్రయము. ఆ ప్రాణి మన యిల్లు ఆక్రమించుటకు వచ్చినది కాదు. పొడినేల వెదకికొని వచ్చినది.

అప్పుడు జరుగునదేమి? ఒకరు రాళ్లు రువ్వుదురు. ఒకరు సలసల కాగిన నీళ్లు పోయుదురు. ఒకరు పిల్లలను గోనెసంచిలో వేసి చెఱువుకట్టపై విడిచివత్తురు. మఱియొకరు తల్లి మేతకు పోయిన సమయము చూచి, సందును ఇటుకలతో మూసివేయుదురు. లోనున్న పిల్లలు మాడి చచ్చును. తల్లి రాత్రింబవళ్లు గోడను గీరుచు అఱచును. పిల్లలను పోగొట్టుకొన్న తల్లికుక్క దగ్గఱకు వచ్చిన బిడ్డపై తిరుగబడినచో, దాని స్వభావము దుష్టమైనదని అందుము! ఇంతకంటె ఘోరము విషము పెట్టుట, తుపాకితో కాల్చుట. 2024 ఫిబ్రవరిలో మహబూబునగరు జిల్లా పొన్నకల్ గ్రామమున సుమారు 20 కుక్కలను కాల్చిచంపిన ఉదంతము తెలుగుదేశమునకు తలవంపు తెచ్చినది. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము అమలునందున్నది. భారతీయ న్యాయసంహిత 325వ సెక్షను ప్రకారము జంతువును చంపుట, విషము పెట్టుట 5 సంవత్సరముల వఱకు కారాగారశిక్షకు పాత్రమగు నేరము.

ఈ వివాదము మనకు క్రొత్తది కాదు. 1926లో అహమ్మదాబాదునందు ఒక మిల్లు యజమాని తన ఆవరణమున చేరిన 60 కుక్కలను చంపించగా, గాంధీమహాత్ముడు 'యంగ్ ఇండియా' పత్రికలో ఆ విషయమై వరుసగా వ్యాసములు వ్రాసెను. వేఱుదారి లేనప్పుడు అది తప్పనిసరియని ఆయన చెప్పుట అనేకులకు ఆగ్రహము గలిగించెను. కాని ఆ వాదమునందలి ముఖ్యాంశము వేఱు. దిక్కులేని కుక్కలు తిరుగుట సంఘముయొక్క అజ్ఞానమునకును అలసత్వమునకును గుర్తు. ఒక ముద్ద విసరి పుణ్యము దక్కెనని తలచుట దయ యనిపించుకొనదు. పోషింపదలచినవారు బాధ్యతయు వహింపవలయును. ఇది ఆయన చెప్పిన దాని సారాంశము. నాడు ఊరూర శస్త్రచికిత్సలు చేయించి టీకాలు వేయించు మార్గము లేదు. నేడున్నది. కావున నాడాయన విధిలేక ఒప్పుకొన్న చావును నేడు మనము సమర్థించుకొనరాదు. ఆయన మనపై మోపిన బాధ్యతనుండి తప్పించుకొనను రాదు.

గృహస్థుడు చేయవలసినది కష్టసాధ్యము కాదు. మొదట లోపల ఏమున్నదో దూరమునుండి దీపము వేసి చూడవలయును. పామున్నచో చేయి పెట్టక, కఱ్ఱ యెత్తక, అటవీశాఖవారికి కబురు పంపవలయును. కుక్కయో పిల్లియో పిల్లలతో నున్నచో, బిడ్డలు ఆ వైపు పోకుండ అడ్డుకట్టి, సుమారు రెండు నెలలు ఓపిక పట్టవలయును. ఆ గడువులో పిల్లలు పాలు మాని మేతకు అలవాటుపడును. పెంచుకొనగోరువారికి అప్పుడు ఇయ్యవచ్చును. అవి బయటికి వెడలినపిదప, సందు మొగమున ముగ్గుపిండి పలుచగా చల్లి, రెండు రాత్రులు అడుగుజాడలు పరికింపవలయును. లోనికి పోయిన జాడ లేదని నిశ్చయమైన తరువాతనే ఇటుకలతోనో ఇనుపవలతోనో మూయవలయును. మూయకుండ విడిచినచో మఱుచటి కార్తికమునకు మఱియొక తల్లి వచ్చును.

కనికరము పేరిట బిడ్డల ప్రాణములను పణముపెట్టుమని మేము చెప్పుట లేదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబరుపేటలో నాలుగేండ్ల బాలుని కుక్కలు చంపిన దుర్ఘటనను మఱచినవారెవరు? వెఱ్ఱికుక్క వ్యాధి లక్షణములు పొడసూపిన తరువాత బ్రతుకుట దాదాపు లేదు. వెఱ్ఱి యున్నదని అనుమానింపబడిన జంతువులచే కఱవబడువారిలో నూటికి 40 మంది 15 సంవత్సరములలోపు బాలురేయని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. పన్ను తగిలినను, గోరు గీసినను, వెంటనే సబ్బుతో ధారగా పాఱు నీట 15 నిమిషములు కడిగి ఆసుపత్రికి పోవలయును. పసుపు, కారము, ఆకుపసరు పెట్టి జాగుచేయుట బిడ్డను మృత్యువున కప్పగించుటయే. ఉదయగిరి నెల్లూరికి సుమారు 100 కిలోమీటర్ల దూరమున నున్నది. టీకామందును, గాయమునందు ఎక్కింపవలసిన సీరమును అంతదూరము పోయి తెచ్చుకొను నవసరము ప్రజలకు కలుగరాదు.

గృహస్థుని ఓపిక ఒక్కటియే చాలదు. 2023 నాటి జంతు జనననియంత్రణ నిబంధనలు వీథికుక్కలను సమాజ జంతువులని పేర్కొని, శస్త్రచికిత్సల భారమును స్థానికసంస్థలపై నుంచినవి. మన పొరుగుననున్న చెన్నపట్టణమున శతాబ్దమునకు పైగా కుక్కలను పట్టి చంపినను అవి తఱుగలేదు. ఖాళీయైన వీథికి ప్రక్కవీథి కుక్కలు వచ్చిచేరెను. కడకు 1996లో అచ్చటి కార్పొరేషను చంపుట మాని శస్త్రచికిత్సామార్గమును చేపట్టవలసివచ్చెను. నూటికి 70 కుక్కలకు టీకా పడినచో వ్యాధి వ్యాపించు గొలుసు తెగునని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి.

ఆత్మకూరు పురపాలక సంఘమును, ఉదయగిరి ప్రాంతపు పంచాయితీలును వేఱువేఱుగా ఈ భారమును మోయుట దుర్ఘటము. కొన్ని మండలములకు కలిపి ఒక సంచారశస్త్రచికిత్సా శకటమును, శిక్షణపొందిన పశువైద్యుని జిల్లాయంత్రాంగము ఏర్పఱుపవచ్చును. పని శ్రావణభాద్రపదములలోనే జరుగవలయును. కార్తికము దాటినపిదప చేసిన ఖర్చు సగము వ్యర్థము. మాంసపుటంగళ్ల వ్యర్థములు వీథిమూలలలో కుప్పపడకుండ చూచుటయు ఇందొక భాగమే. ఆ కుప్పయే కుక్కలకు మేత, వాని సంతతికి మూలము.

ఊరివారి చేతిలోనికి వచ్చిన అధికారము ఊరివారి కష్టములతోపాటు ఊరి మూగజీవుల కష్టమును గూడ కనిపెట్టవలసియున్నది. ఈ యేటి వానలకు ముందుగానే అధికారులు శకటమును, టీకాలను సిద్ధపఱతురుగాక. అంతవఱకు అరుగుక్రింది తల్లికి రెండు నెలల గడువిచ్చుటకు గృహస్థులు వెనుదీయరని నమ్ముచున్నాము.