మాజీ సైనికుల ఆస్పత్రిలో ఏడాది.. ఓడీ తర్వాత అవసరమా?

అమెరికాలో ఆప్టోమెట్రీ చదివే పిల్లలున్న తెలుగు ఇళ్లలో నాలుగో ఏడాది రాగానే ఒక చర్చ మొదలవుతుంది. ఓడీ పట్టా వచ్చేస్తోంది. మూడు భాగాల బోర్డు పరీక్ష పాసై లైసెన్సు తెచ్చుకుంటే ప్రాక్టీసుకు వెళ్లిపోవచ్చు. అలాంటప్పుడు తక్కువ స్టైపెండ్‌కి ఇంకో ఏడాది రెసిడెన్సీ ఎందుకు? మెడిసిన్‌లో ఈ ప్రశ్నే రాదు, అక్కడ రెసిడెన్సీ లేనిదే డాక్టరుగా పనిచేయలేరు. ఆప్టోమెట్రీలో మాత్రం ఇది ఇష్టమైతేనే.

ఈ సీట్లు ఎక్కువగా ఇచ్చేది మాజీ సైనికుల వ్యవహారాల శాఖ, అందరూ వీఏ అని పిలిచే సంస్థ. 1975లో కాన్సస్ సిటీ వీఏ ఆస్పత్రిలో మొదలైన ఈ శిక్షణ ఇప్పుడు దేశమంతటా ఉంది. జులై 1న చేరితే మరుసటి జూన్ 30కి పూర్తవుతుంది. దరఖాస్తులు ఓఆర్‌మ్యాచ్ ద్వారా వెళ్తాయి. అభ్యర్థి తన ప్రాధాన్యాలు రాసిస్తాడు, ఆస్పత్రి తనవి రాసిస్తుంది, ఇద్దరికీ కుదిరిన చోట సీటు.

అక్కడ అసలు పాఠం చెప్పేది రోగులే. షాపింగ్ మాల్‌లోని కళ్లద్దాల దుకాణంలో రోజంతా చూసేది ఎక్కువగా నంబరు మారిన కుర్రాళ్లనే. వీఏలో కుర్చీలో కూర్చునేది డెబ్భై దాటిన వియత్నాం యుద్ధకాలపు మనిషి కావచ్చు. షుగర్, బీపీ, గ్లకోమా, ఒక కంట్లో శుక్లం, ఇంకో కంట్లో మాక్యులా క్షీణత... అన్నీ ఒక్కరిలోనే. మంచి విషయమేంటంటే ఆయన రక్తపరీక్షలు, మందుల చిట్టా, స్కానింగులు అన్నీ అదే కంప్యూటర్లో ఉంటాయి. ప్రోస్టేట్ కోసం టామ్సులోసిన్ వాడుతున్నాడనుకోండి, శుక్లం ఆపరేషన్లో కంటిపాప పట్టు తప్పే ప్రమాదం ఉంది. సర్జన్‌కి ఆ సంగతి ముందే చేరవేయాలి. ఇంకొకాయన తలనొప్పి, నమిలేటప్పుడు దవడ నొప్పి, చూపు మసక అంటాడు. కొత్త అద్దాలు రాసి పంపేస్తే, కణతల దగ్గరి రక్తనాళాల వాపు వల్ల కొద్ది రోజుల్లోనే రెండో కన్నూ పోవచ్చు. ఆ రోజే రక్తపరీక్ష, ఆ రోజే స్టెరాయిడ్. ల్యాబూ, ఫిజీషియనూ అదే ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఇది ఎలా చేయాలో చేతికి అలవాటవుతుంది. ఒంటరి క్లినిక్‌లో అయితే ఇలాంటి కేసు తగిలిన రోజే నేర్చుకోవాలి, ఆ ఖరీదు రోగిది.

ఇరాక్, అఫ్గానిస్థాన్ నుంచి వచ్చినవాళ్ల సమస్య వేరు. పేలుళ్లలో తలకు దెబ్బ తగిలినవాళ్లలో కొందరు చార్టు మీద చివరి వరుస దాకా చదివేస్తారు. కానీ పేపరు పట్టుకుంటే పది నిమిషాల్లో తలనొప్పి, రెండు కళ్లూ కలిసి పనిచేయవు. ఇలాంటివారి కోసం, చూపు బాగా తగ్గినవారి కోసం కొన్ని చోట్ల ప్రత్యేక రెసిడెన్సీలున్నాయి. అంధుల పునరావాసంలో వీఏ అనుభవం పాతది. ఇల్లినాయ్‌లోని హైన్స్ కేంద్రం 1948లోనే మొదలైంది.

ఇక డబ్బు. ఆప్టోమెట్రిస్టుల మధ్యస్థ వార్షిక వేతనం 2024లో 1.3 లక్షల డాలర్లకు పైనే. రెసిడెంటు స్టైపెండ్ అందులో సగం కూడా ఉండదు. అప్పున్నవారికి ఇది చిన్న తేడా కాదు. పైగా 2025లో వచ్చిన చట్టం గ్రాడ్ ప్లస్ రుణాలకు తలుపు మూసింది. 2026 జులై 1 తర్వాత కొత్తగా రుణం తీసుకునేవారికి ఆప్టోమెట్రీ లాంటి వృత్తి కోర్సుల్లో ఏడాదికి 50 వేలు, మొత్తం 2 లక్షల డాలర్లే ఫెడరల్ పరిమితి. ఫీజు, అద్దె, తిండి కలిపి అంతకు మించితే ప్రైవేటు బ్యాంకు దగ్గరికే పోవాలి. ఆ వడ్డీ కడుతూ తక్కువ స్టైపెండ్‌తో ఏడాది గడపడానికి ఎంతమంది ముందుకొస్తారు? స్థోమత ఉన్న ఇళ్ల పిల్లలకే ఈ శిక్షణ మిగులుతుందేమోనన్నది నా భయం.

వీఏ ఉద్యోగాల పరిస్థితి కూడా కుదురుగా లేదు. 2025లో మొదట 80 వేల ఉద్యోగాల కోత అన్నారు. జులైలో దాన్ని పక్కనపెట్టి, రాజీనామాలు, పదవీ విరమణలతోనే దాదాపు 30 వేలు తగ్గుతాయన్నారు. కాబట్టి రెసిడెన్సీ చేస్తే అక్కడే ఉద్యోగం ఖాయమని లెక్క వేసుకోకండి. ఆస్పత్రి ఉద్యోగాలకు, కాలేజీల్లో బోధనకు మాత్రం ఆ ఏడాది బాగా పనికొస్తుంది.

హైదరాబాద్, విజయవాడల్లో బీఆప్టమ్ చదువుతున్నవారు ఒక్క విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి. వీఏ రెసిడెన్సీకి మామూలుగా అమెరికా పౌరసత్వం అడుగుతారు. ఎఫ్1, హెచ్1బీ వీసాల మీద ఆ ఆశ పెట్టుకుని అప్పు చేయొద్దు. వయసు వర్తించే అబ్బాయిలు సెలెక్టివ్ సర్వీసులో నమోదై ఉండాలి కూడా. అక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలకు ఇవేవీ అడ్డు కాదు. మన బీఆప్టమ్‌తో నేరుగా అక్కడ ప్రాక్టీసు కుదరదు, ముందు ఓడీ చేయాలి. విదేశీ ఆప్టోమెట్రిస్టుల కోసం బోస్టన్‌లోని న్యూ ఇంగ్లండ్ కాలేజ్ ఆఫ్ ఆప్టోమెట్రీ లాంటి చోట్ల తక్కువ కాలపు ఓడీ మార్గం ఉంది. ఆ తర్వాత రెసిడెన్సీ కావాలంటే కాలేజీ క్లినిక్‌లు, ప్రైవేటు ఆస్పత్రులు నడిపేవి చూసుకోవాలి. వీసా నిబంధన ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, దరఖాస్తుకు ముందే రాసి అడగండి. కష్టమైన కేసులు చూడటమే మీ లక్ష్యమైతే, ఇంటి దగ్గరే ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి ఆప్టోమెట్రిస్టులకు ఫెలోషిప్‌లు ఇస్తోంది.

అర్హత ఉండి ఇంటర్వ్యూకి వెళ్లేవారు డైరెక్టరుతో మాట్లాడి వచ్చేయకుండా, ప్రస్తుతం అక్కడున్న రెసిడెంటును పక్కకు పిలిచి అడగాలి. రోజుకి ఎంతమందిని చూస్తున్నావు, అందులో ఎంతమంది గురించి సీనియర్‌తో కూర్చుని చర్చించే టైం దొరుకుతోంది అని.